అద్దె తగ్గే ఇంటికి మారేముందు

ఈ రెండు మూడు సంవత్సరాలుగా నా సలహా కోరేవారి నుండి ఒక కొత్త ప్రశ్న తరచుగా వినవస్తున్నది. "మందు మార్చమంటారా?" అని కాదు, "ఇల్లు మారమంటారా?" అని. మాదాపూర్, కొండాపూర్, అమీర్‌పేట, హిమాయత్‌నగర్ వంటి చోట్ల ఏళ్ల తరబడి అద్దెకున్న కుటుంబాలు ఇప్పుడా అద్దె భరించలేక మా మాదన్నపేట, సైదాబాద్, కుర్మగూడ వైపు ఇళ్లు వెదుకుతున్నాయి. కొందరు ఇంకా దూరం చూస్తున్నారు. ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, షాద్‌నగర్ దాకా వెళ్తున్నారు. ఇది వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నేనా అని కొందరికి అనిపించవచ్చు. నా దృష్టిలో ముమ్మాటికీ అడగవలసినదే.

ఎందుకంటే, మోయలేని అద్దెను కుటుంబం ఎక్కడి నుండి తీసి కడుతుందో వైద్యునికి తెలిసినంతగా ఇంటి యజమానికి తెలియదు. బడి రుసుము తగ్గించలేరు, కరెంటు బిల్లు ఆపలేరు. తగ్గేవి పాలు, పండ్లు, ఆ తరువాత మాత్రలు. నెలాఖరు వచ్చేసరికి రక్తపోటు మాత్ర రోజు విడిచి రోజు వేసుకొనేవారు, మధుమేహపు మాత్రను సగానికి విరిచి వారం రోజులు గడిపేవారు, ఆరు నెలలకొకసారి చేయించవలసిన మూత్రపిండాల పరీక్షను మరుసటి సంవత్సరానికి నెట్టేవారు ఎందరో ఉన్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పరు. చెప్పకుండా మానేసిన మాత్రలకు లెక్క పక్షవాతం వచ్చిన రోజున తేలుతుంది. కనుక, అద్దె తగ్గించుకోవడానికి ఇల్లు మారడం పరువు తక్కువ పని అని బాధపడే పెద్దలకు నేను మొదట చెప్పే మాట ఒకటే: మారండి. మందులకు డబ్బు మిగలని చిరునామా వలన మీకు ఒరిగేదేమీ లేదు.

అయితే ఎక్కడికి మారాలన్న దగ్గర నా అభిప్రాయం చాలామంది అభిప్రాయానికి భిన్నంగా ఉన్నది. తక్కువ అద్దె అనగానే ఊరి అంచుకు, కొత్తగా లేచిన వెంచర్లలోని విశాలమైన ఇంటికి పరుగెత్తడం అలవాటైంది. ఆరోగ్యవంతులైన దంపతులకు, చిన్న పిల్లలున్నవారికి అది బాగానే ఉండవచ్చు. ఇంట్లో దీర్ఘరోగి ఉంటే మాత్రం దూరపు విశాలమైన ఇంటికంటే దగ్గరి పాత బస్తీలోని చిన్న ఇల్లే మేలని నేను నమ్ముతాను.

ఒక లెక్క వేసి చూద్దాం. డెబ్బై ఏళ్ల దంపతులకు నెలకు 45,000 రూపాయల పెన్షన్ వస్తుందనీ, అందులో 26,000 అద్దెకే పోతుందనీ అనుకొందాం. మాదన్నపేటలో 12,000కు ఒక ఇల్లు, ఇబ్రహీంపట్నం దగ్గర 9,000కు మరొకటి దొరికాయి. మూడు వేలు మిగులుతాయి కదా అని దూరపు ఇల్లు తీసుకొన్నారు. భర్తకు వారానికి మూడుసార్లు డయాలసిస్ ఉన్నది. అక్కడ దగ్గరలో చోటు దొరక్క పాత ఆసుపత్రికే రావాలంటే ఒక్కొక్క వైపు ముప్పై కిలోమీటర్లు, నెలకు పన్నెండు పదమూడుసార్లు. నాలుగు గంటలు యంత్రం మీద పడుకొని నీరసించిన మనిషి బస్సెక్కి వెళ్లలేడు. ఆటోకో కారుకో పెట్టే ఖర్చు ఆ మూడు వేలను మొదటి వారంలోనే మింగేస్తుంది. రెండో నెలకు మూడుసార్లు రెండుసార్లవుతాయి. ఆ తరువాతి సంగతి నేను రాయనక్కరలేదు.

మాదన్నపేటకు ఉన్న వసతి ఇదే. గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో మంత్రిగా ఉన్న మాదన్న పేరున ఏర్పడిందని చెప్పుకొనే ఈ పేటకు అద్దాల మేడలు లేవు. కానీ ఐదారు కిలోమీటర్ల లోపల మలక్‌పేట ప్రాంతీయ ఆసుపత్రి, ఉస్మానియా, కోఠీలోని చెవి ముక్కు గొంతు ఆసుపత్రి, సుల్తాన్‌బజార్, పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రులు ఉన్నాయి. ఉస్మానియా పాత భవనం 2020 జూలైలో వాన నీటికి మునిగి మూతబడినా, ఆసుపత్రి పని ఆగలేదు. గోషామహల్‌లో కొత్త భవనానికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. అదీ మనకు దూరమేమీ కాదు. 2018 నుండి నడుస్తున్న బస్తీ దవాఖానాలలో రక్తపోటు, మధుమేహపు మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు, రక్తపరీక్షలకు నమూనాలు తీసుకొంటున్నారు. మలక్‌పేట మెట్రో 2018 సెప్టెంబరులో వచ్చింది. దబీర్‌పురా, యాకుత్‌పురా స్టేషన్లలో ఎంఎంటీఎస్ రైలు ఆగుతుంది. 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు ఆర్టీసీ సిటీ బస్సు ఉచితం కనుక భర్త మందులకు వెళ్లే భార్యకు చార్జీల బాధ కూడా లేదు. మండీలో ఆకుకూరలు తాజాగా, చవకగా దొరుకుతాయి. మధుమేహులకు నేను రాసే చీటీలో సగం ఆ మండీలోనే ఉన్నది.

పక్షవాతం వచ్చినప్పుడు రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. ఆ లోపల ఆసుపత్రికి చేరడమే కాదు, అక్కడ తలకు స్కానింగ్ కూడా జరగాలి. గుండెపోటులోనూ ప్రతి నిమిషానికి కండరం కొంత చచ్చిపోతూనే ఉంటుంది. అర్ధరాత్రి సాగర్ రహదారి ఖాళీగానే ఉంటుందని మీరనవచ్చు. జబ్బు అర్ధరాత్రే రావాలని నియమం లేదు, సాయంత్రం ఆరింటికీ వస్తుంది.

పాతబస్తీ అనగానే మొహం ముడుచుకొనేవారున్నారు. 1990 డిసెంబరు నాటి అల్లర్లు, కర్ఫ్యూలు చూసిన మా తరం వారికి ఆ జంకు ఉండడం సహజమే. కానీ ఆ భయాన్ని ముప్పై ఐదేళ్లుగా పిల్లలకు కథలుగా చెప్పి, ఇప్పుడు అద్దె భరించలేని స్థితిలో కూడా ఆ కథలనే పట్టుకొని కూర్చోవడం తెలివైన పని కాదు. నేను ఇక్కడ భయపడేది మనుషులకు కాదు, నీళ్లకు, మెట్లకు, గాలి రాని గదులకు. వాటి గురించి మాత్రం నిర్మొహమాటంగా చెబుతాను.

ముందు నీళ్లు. పాత బస్తీలలో మంచినీటి గొట్టం, మురుగు గొట్టం పక్కపక్కనే పోతుంటాయి, రెండూ పాతవే. నల్లా వచ్చేది కొద్ది గంటలే. మిగిలిన సమయమంతా గొట్టం ఖాళీగా ఉండి, చిల్లు ఎక్కడుంటే అక్కడ నుండి చుట్టూ ఉన్న మురుగు లోపలికి దిగుతుంది. దీనికి తోడు కొందరు నల్లాకు నేరుగా మోటారు బిగించి నీళ్లు గుంజుతారు. ఆ మోటారు వారి వాటా నీటితోపాటు గల్లీ మురుగును కూడా అందరి ఇళ్లలోకి లాగుతుంది. ఇది నేరమని తెలిసీ చేస్తారు. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీరు తాగి వాంతులు విరేచనాలతో పలువురు మరణించారు. నగరం మరిచినా నేను మరువలేదు. కనుక ఇల్లు చూడడానికి నల్లా వచ్చే వేళకే వెళ్లండి. మొదటి ఐదు నిమిషాల నీటిని తెల్లని గాజు గ్లాసులో పట్టి రంగు చూడండి, వాసన చూడండి. సంపు మూత ఎత్తించి చూడండి. పక్కింటివారిని, యజమాని లేనప్పుడు, "పోయిన వానాకాలంలో విరేచనాలు ఎవరికైనా అయ్యాయా?" అని అడగండి. చేరిన తరువాత నీరు తేడాగా వస్తే జలమండలి 155313కు ఫిర్యాదు చేసి, ఆ నీరు బాగయ్యేదాకా తెర్ల కాచి తాగండి. బుడగలు పైకి పొంగేలా ఒక నిమిషం మరిగితే చాలు.

ఊరి అంచుల్లో ఈ బాధ లేదనుకోకండి. అక్కడ బోరు నీరు, ట్యాంకరు నీరు. బోరు నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు ముప్పు. నల్లగొండ వైపు దాని ఫలితాన్ని రెండు మూడు తరాలు అనుభవించాయి. మురుగు కలిసిన నీరు వాసనతో పట్టుబడుతుంది. ఫ్లోరైడుకు రుచీ లేదు, వాసనా లేదు.

తరువాత గాలి. సామాజిక వైద్యశాస్త్రంలో మేము చదువుకొన్న ప్రమాణం ప్రకారం కిటికీల వైశాల్యం గది నేలలో ఐదో వంతుండాలి, తలుపులతో కలిపి ఐదింట రెండు వంతులు. ఒక గదిలో ఇద్దరు, రెండు గదుల్లో ముగ్గురు, మూడు గదుల్లో ఐదుగురు మించి ఉండరాదని కూడా ఆ పుస్తకమే చెప్పింది. ఈ లెక్కన మా పేటలో నిలిచే ఇళ్లు ఎన్ని అని అడిగితే నాకూ నవ్వే వస్తుంది. అయినా ప్రమాణం తెలిస్తే బేరం చేయడం తెలుస్తుంది. పడకగదికి ఆకాశం కనిపించే కిటికీ ఒక్కటైనా లేని ఇంటిని ఎంత చవకైనా తీసుకోకండి. గోడకు గోడ తగిలించి కట్టిన ఇళ్లలో ఎండ సోకని గదులే క్షయకు, ఉబ్బసానికి పుట్టిళ్లు.

ఈ మాట కొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచింది, ఆ వెనుకనే 1911లో ప్లేగు వచ్చింది. 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి మండలిని, అంటే ఆరాయిష్-ఎ-బల్దాను, ఏర్పరచి ఇరుకు బస్తీలను తొలగించి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టించింది. తక్కువ ఆదాయం ఉన్నవారి ఇంటికి కూడా కిటికీ ఉండాలని ఆనాటి పాలకులకు ప్లేగు నేర్పింది. ఇప్పుడు ఖాళీ జాగా కనిపిస్తే నాలుగు అంతస్తులు లేపి మధ్యలో చెయ్యి పట్టే సందు వదులుతున్నారు.

మెట్ల సంగతి. పాత ఇళ్లలో లిఫ్టు ఉండదు. మెట్లు నిట్టనిలువుగా, షాబాదు బండలతో, తడిస్తే జారేలా ఉంటాయి. అరవై ఐదు దాటినవారికి పై అంతస్తు వద్దు. అయితే కింది అంతస్తు అన్నానని కళ్లు మూసుకొని తీసుకోకండి. 2020 అక్టోబరు వానల్లో పాతబస్తీలోని పల్లపు కాలనీలు ఎలా మునిగాయో చూశాము. గోడ మీద నీటి చార కోసం వెదకండి. కొత్తగా సున్నం వేసి ఉంటే కరెంటు మీటరు ఎంత ఎత్తున బిగించారో చూడండి. మునిగిన ఇంటివారు మీటరును పైకి జరుపుకొంటారు. ఇక గల్లీలోకి అంబులెన్సు రాగలదా అన్నది అన్నిటికంటే ముఖ్యం. 108 బండి రాలేకపోయినా కనీసం ఆటో ఇంటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరగగలగాలి. మండీ దగ్గరైతే తెల్లవారుజామున కూరగాయల బండ్లు దారి మూసేస్తాయి. గుండెపోట్లు ఎక్కువగా వచ్చేది కూడా తెల్లవారుజాము నుండి ఉదయం దాకానే. కనుక ఉదయం ఆరింటికి ఒకసారి ఆ గల్లీని చూసి రండి.

సామాను కట్టే వారంలో జరిగే నష్టాలు వేరే ఉన్నాయి. మందులను ఏ అట్టపెట్టెలోనో వేసి లారీ ఎక్కిస్తారు, నాలుగు రోజులు దొరకవు. పదిహేను రోజుల మందులు, చీటీలు, పరీక్షల కాగితాలు ఇంటి పెద్ద చేతి సంచిలో ఉండాలి. ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌తోపాటు పంపకండి. చిన్న మట్టి కుండకు తడిగుడ్డ చుట్టి అందులో పెట్టి వెంట తీసుకువెళ్లండి. మంచులో మాత్రం పెట్టరాదు, గడ్డకడితే పనికిరాదు. క్షయకు మందులు వాడుతున్నవారు పాత కేంద్రంలో చెప్పి తమ పేరును కొత్త ప్రాంతపు కేంద్రానికి మార్పించుకోవాలి. ఇల్లు మారిన సందడిలో రెండు వారాలు మందులు ఆగితే, లొంగే క్షయ లొంగని క్షయగా మారే ప్రమాదం ఉన్నది. మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దలు కొత్త ఇంట్లో రాత్రిపూట స్నానాలగది వెదుకుతూ పడతారు. మొదటి నెల అంతా రాత్రి దీపం ఆర్పకండి, వారి మంచాన్ని పాత ఇంట్లో ఉన్న దిశలోనే వేయండి. చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ తుంటి ఎముకను కాపాడుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ కళ్లతో చూసి తెలుసుకోగలిగినవి. కళ్లకు కనిపించనిది, అడగడానికి నోరు రానిది ఒకటున్నది. ఈ ఇంట్లో మా నాన్న చనిపోవచ్చునా?

తెలుగునాట అద్దె ఇళ్లలో ఉండే వృద్ధులందరి మనస్సులో ఈ ప్రశ్న ఉన్నది. ఇంటి యజమానులు శవాన్ని గుమ్మం దాటి లోపలికి రానివ్వరు. మరణం దగ్గరపడిన రోగిని "ఆసుపత్రికి తీసుకుపొండి" అని తొందరపెడతారు. ధనిష్ఠా పంచకంలో పోతే ఇల్లు నెలల తరబడి మూయాలని, ఆ అద్దె ఎవరిస్తారని వాదిస్తారు. నమ్మకంతో నేను వాదనకు దిగను. ఎవరి నమ్మకం వారిది. కానీ ఆ నమ్మకానికి చెల్లింపు ఎవరు చేస్తున్నారో చెప్పవలసిన బాధ్యత నాకున్నది.

ఊపిరితిత్తుల క్యాన్సరు ముదిరి, ఇక చికిత్స లేదని తేలిన ఒక పెద్దమనిషిని నేను ఎరుగుదును. ఆయనకు నొప్పి అదుపులో ఉన్నది, ఇంట్లో మనవరాలి పక్కన ఉండాలని కోరిక. ఇంటి యజమాని ఒప్పుకోలేదు. చివరి రెండు రోజులుందనగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ అత్యవసర విభాగంలో గొంతులో గొట్టం వేసి, చేతులు మంచానికి కట్టారు. మనవరాలిని లోపలికి రానివ్వలేదు. నాలుగో రోజున పోయారు. ఆ బిల్లు తీర్చడానికి ఆ కుటుంబం ఉన్న ఇంటిని ఖాళీ చేసి ఇంకా చవకైన ఇంటికి మారింది. ఆ నాలుగు రోజుల్లో ఆయనకు జరిగిన వైద్యం ఏదీ లేదు. జరిగిందల్లా ఒక ఇంటిని మైల నుండి కాపాడడం.

యజమానుల భయాల్లో కొన్ని అజ్ఞానం వలన వచ్చినవి. ఇంట్లో మరణిస్తే పోలీసు కేసవుతుందని చాలామంది అనుకొంటారు. జబ్బుతో సహజంగా మరణించినప్పుడు చికిత్స చేస్తున్న వైద్యుడు మరణ కారణాన్ని ధృవీకరిస్తూ పత్రం ఇస్తారు. ఇంట్లో జరిగిన మరణానికి 4ఎ నమూనా ఉన్నది. ఇరవై ఒక్క రోజుల లోపల బంధువులు నమోదు చేయించుకొంటే సరిపోతుంది. పోలీసుల ప్రసక్తి లేదు. అందుకే ఇల్లు మారగానే ఆ దగ్గరలోని వైద్యుని ఒకరిని పరిచయం చేసుకొని, నెలకొకసారైనా రోగిని చూపించాలి. చికిత్స చేయని వైద్యుడు ఆ పత్రం ఇవ్వలేడు. అడిగి ఇబ్బంది పెట్టరాదు కూడా. నొప్పి నివారణకు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్సా విభాగం ఉన్నది. మార్ఫిన్ మాత్రలిస్తారు, ఇంటికి వచ్చి చూసే బృందాలు కూడా ఉన్నాయి. ఇంటివద్ద నెమ్మదిగా పోవడానికి కావలసిన వైద్యం ఉన్నది. లేనిది ఇల్లు.

ఇదే గల్లీల్లో వేరే విధంగా జరగడం కూడా చూశాను. మాదన్నపేటలో ఒక ముసలి బేగం గారింట్లో అద్దెకున్న హిందూ కుటుంబంలోని పెద్దాయన ఒక ఉదయం పోయారు. నేను పత్రం రాస్తుండగా ఆమె వచ్చారు. కొడుకు బెదురుతూ, "అమ్మా, మధ్యాహ్నానికల్లా తీసుకువెళ్తాం" అన్నాడు. ఆమె అతనికి జవాబివ్వలేదు. నా వైపు తిరిగి, "ముందు ఆ బండి పక్కకు తీయించండి డాక్టర్ సాబ్, వచ్చేవాళ్లకు దారి ఉండాలి గదా," అన్నారు. ఆ తరువాత తన ముందు గది తాళం తీసి చుట్టాలకు చాపలు వేయించారు. కర్మకాండ పన్నెండు రోజులూ ఆ వాకిట్లోనే జరిగింది.

అందరు యజమానులూ అలా ఉండరు. అందుకే ముందే అడగాలంటున్నాను. పదకొండు నెలల ఒప్పందం రాసేటప్పుడు పెంపుడు కుక్క గురించి, మాంసాహారం గురించి, మోటారు బిల్లు గురించి అడుగుతున్నాము. మా ఇంట్లో ఎనభై ఏళ్ల తల్లి ఉన్నది, ఆమెకు ఏమైనా అయితే ఇంట్లోనే ఉంచుకొంటాము, పదిరోజుల కార్యక్రమం ఇక్కడే చేస్తాము, మీకు సమ్మతమేనా అని అడగడానికి ఎందుకు జంకుతాము? అమంగళమని అనుకోవచ్చు. కానీ ఆ ప్రశ్న అడగనందువలన ఏ మరణమూ ఆగదు. సమ్మతం కాదంటే ఆ ఇంటిని అద్దె ఎంత తక్కువైనా వదిలేయండి. నమ్మకం ప్రకారం ఇల్లు మూయవలసివస్తే ఆ అద్దె ఎవరు, ఎన్ని నెలలు భరించాలో కూడా ముందే మాట్లాడుకొని కాగితం మీద పెట్టుకోండి. రెండు నెలల అడ్వాన్సులో సర్దుకొనే పద్ధతిని కొందరు యజమానులు ఒప్పుకొంటున్నారు.

క్షయ ఉన్నదనో, హెచ్‌ఐవీ ఉన్నదనో ఇల్లు ఇవ్వనివారి సంగతి కూడా రాయాలి. హెచ్‌ఐవీ సోకినవారికి ఇల్లు అద్దెకివ్వడంలో వివక్ష చూపరాదని 2017 నాటి చట్టం స్పష్టంగా చెబుతున్నది. క్షయ విషయంలో, మందులకు లొంగే రకమైతే, సక్రమంగా వాడడం మొదలుపెట్టిన రెండు వారాలకే సాధారణంగా ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. చికిత్స పొందుతున్న అద్దెదారు కంటే, పరీక్ష చేయించుకోకుండా నెలల తరబడి దగ్గుతున్న యజమాని వలన ఆ ఇంటికి ఎక్కువ ముప్పు.

సైదాబాద్, మాదన్నపేట ప్రాంతాలలో ఇల్లు చూస్తున్న పాఠకులు నల్లా వేళల గురించి, దగ్గరలోని బస్తీ దవాఖానా గురించి నాకు రాస్తే తెలిసినంతవరకు చెబుతాను. చిరునామాలో ఇంటి నంబరు అక్కరలేదు, గల్లీ పేరు చాలు. ఇంట్లో రోగి ఉంటే వాడుతున్న మందుల జాబితా కూడా పంపండి.